నీళ్లకు పసుపు

కరీమాబాద్ దిక్కు, ఇటుకబట్టీ గల్లీల
మొదటి మనిషి కండ్లు పచ్చబడ్డప్పుడు
ఎండకు తిరిగిండు, వేడి చేసిందన్నరు.
రెండో మనిషికి పసరు పోయించిన్రు.
ఐదో మనిషికి గానీ
రిజిస్టర్ పట్టుకొని నేను రాలేదు.
ముందుగాల నా తప్పు రాసుకుంటున్న.

ఈ కామెర్లతోని కష్టమేందంటే
ఇయ్యాల మంచం పట్టినోడు
ఇయ్యాల తాగిన నీళ్లకు పట్టలేదు.
అందుకే గడపగడపకు పోయి
పిచ్చిదాని లెక్క అడుగుత:
"నెల కిందట ఏ నీళ్లు తాగిన్రు?"

బీడీలు చుట్టే మల్లికాంబ
ఆకు కత్తిరించుడు ఆపకుండనే అన్నది:
"నిన్న తిన్న కూరే యాదికి లేదు,
నెల కిందటి నీళ్లు ఎవలకెరుక?"

నీళ్లను అడిగితే చెప్పరు. దినాలను అడగాలె.
మీ తమ్ముని పెండ్లికి ముందా, వెనుకనా?
నల్లా మూడు దినాలు రాని వారం యాదికున్నదా?
"ఆ, ఉన్నది. తర్వాత వచ్చినయి గానీ
అదొక తీరు వాసన.
మా పిల్లగాడు తుప్పు అన్నడు."

తుప్పు.
ఆ మాట కింద గీత గీసుకున్న.

పంక్చర్ షాపు సాదిక్,
చెరుకురసం బండి ఓదెలు,
జరీనా బీ ఇంట్ల ఇద్దరు,
ఎనిమిదో నెల మోస్తున్న స్వరూప.
ఆమె పేరు కాడ పెన్ను కొద్దిసేపు ఆగింది.
నోటుబుక్కుల గల్లీ గీసి చుక్కలు పెడుతుంటే
బెల్లం కాడ చీమల లెక్క
అన్నీ మోరీకి ఎడమ దిక్కే కూడినయి.

గాజు గొట్టంల నీళ్లు, రెండు చుక్కల మందు.
మందు కలిసిన నీళ్లయితే పసుపెక్కాలె.
కుడి దిక్కు నల్లా ఎక్కింది.
ఎడమ దిక్కు నల్లా
ఏమెరుగనట్టు తెల్లగ చూసింది నన్ను.

పసుపును ఇన్ని తీర్ల చూస్తననుకోలేదు.
గడప మీదుంటే శుభం,
కంట్ల ఉంటే రోగం.
నీళ్లల్ల లేని పసుపే
నెల తిరిగి కంట్లకొస్తది.

ఫిట్టర్ నర్సింగం మోకాలు లోతు మోరీల దిగి
పైపంతా తడిమి తడిమి, తల ఎత్తిండు.
"మేడం, వేలు పడుతున్నది."
వేలు పట్టిన సందుల
గల్లీకి గల్లీ పట్టింది.

నల్లా బంద్ చేయించిన.
"రోగం తగ్గించమంటే నీళ్లు ఆపింది" అన్నరు.
మల్లికాంబ ఖాళీ బిందె ఎత్తింది,
చూపెట్టనీకో, నెత్తి మీద వెయ్యనీకో.
కాంచి చల్లార్చి తాగుమన్న.
"గ్యాస్ మీ ఆఫీసు ఇస్తదా?"
న్యాయమైన మాట. నా కాడ జవాబు లేదు,
క్లోరిన్ గోళీలున్నయి. ఇచ్చిన.

కొత్త పైపు పడ్డ పదిరోజులకు మరొకరు.
పన్నెండో దినం ఇద్దరు.
"బాగు చేసినమంటివి గద?"
ఎట్ల చెప్పాలె వీళ్లకు,
ఇవి పాత నీళ్లే,
రాసినోడు ఊరిడిసినా ఉత్తరం చేరినట్టు
ఇప్పుడు ముడుతున్నయని.
చెప్పిన. సగం మంది నమ్మిన్రు.
సగం మంది పసరుకు పోయిన్రు.

స్వరూపను రాత్రి ఆటోల ఎంజీఎంకు తీసుకపోయినం.
తొమ్మిది దినాలు ఆమె కండ్లే చూసుకుంట కూసున్న.
తల్లి దక్కింది. బిడ్డ దక్కింది.
ఆ మాట రాయనీకి రిజిస్టర్ల గడి లేదు,
అంచు మీద రాసుకున్న, చిన్న అక్షరాలతోని.

తర్వాత వారం నాలుగు. ఆ వెనుక వారం ఒకటి.
తర్వాత సున్నా.
పై ఆఫీసుల సున్నా చూసి ఎవరూ ఫోన్ చెయ్యరు.
ఇంకో వారం సున్నా.
నేనైతే గొట్టం సంచిల ఏసుకొని పోతనే ఉన్న.

మొన్న శుక్రవారం
మల్లికాంబ గడపకు పసుపు రాస్తున్నది.
నన్ను చూసి, చెయ్యి కడగకుండనే అడిగింది:
"నీళ్లకు రాసినవా?"

గొట్టం ఎండకెత్తి పట్టిన.
కండ్లు చిన్నగ చేసుకొని చూసింది.
ఏమనలేదు.
లోపలికి పోయి బిందె తెచ్చుకున్నది.